ఠాణాలో దాపట ఎద్దు

నా సర్వీసులో మొట్టమొదటి బ్లాక్ మార్కు నాకు ఒక ఎద్దు మూలంగా పడింది. ఈ మాట చెబితే ఇప్పటి కుర్ర ఎస్సైలు నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు. పల్నాడులో పనిచేశానంటే మీరు నన్ను అడిగే ప్రశ్నలు వేరే ఉంటాయి. ముఠాల సంగతి, వేటకొడవళ్ళ సంగతి, కృష్ణ దాటి నైజాంలోకి జారుకునే బందిపోట్ల సంగతి అడుగుతారు. అవన్నీ నేనూ చూశాను. కానీ వాటిల్లో నేను చేసిన పొరపాట్లు ఎవరైనా చేసేవే. ఎద్దు విషయంలో చేసింది మాత్రం పూర్తిగా నా సొంతం.

అవి యుద్ధం రోజులు. కాగితం కరువు, కిరసనాయిలు కరువు, సైకిలు టైరు దొరకటం గగనం. ట్రైనింగు ముగించుకుని, గురజాలకూ కారంపూడికీ మధ్య ఉన్న ఒక చిన్న స్టేషనుకు సబినస్పెక్టరుగా వచ్చాను. మాది తెనాలి పక్క. మా నాన్నగారు బడిపంతులు. మా ఇంట్లో నాలుగు కాళ్ళున్నవి అంటే రెండు కుర్చీలూ ఒక బల్లా, అంతే. ట్రైనింగులో లా పేపరులో నేను ఫస్టు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పుకునేవాణ్ణి కాదు. నా నడక చూసి వాళ్ళే తెలుసుకోవాలని ఉండేది.

స్టేషన్లో నాకు కుడిభుజం రైటరు. హెడ్ కానిస్టేబులు, యాభై దాటినవాడు. బొల్లాపల్లి వైపు రైతు కుటుంబంలో పుట్టి, పొలం అన్నలకు వదిలేసి పోలీసులో చేరాడు. చేతిలో ఎప్పుడూ ముక్కుపొడుం డబ్బా. చాలామంది ఎస్సైలను చూసినవాడు కాబట్టి ఒక నియమం పెట్టుకున్నాడు. అడిగినదానికి జవాబు చెబుతాడు, అడగనిది చెప్పడు. ఒకసారి చెప్పబోతాడు, మనం కాదంటే పొడుం పీల్చి ఊరుకుంటాడు. ఆయన తుమ్మును బట్టి నా తప్పులు లెక్కపెట్టుకోవచ్చని తర్వాత తర్వాత తెలిసింది.

ఉగాది వెళ్ళిన వారానికి ఒక పెద్దాయన వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. మూడు మైళ్ళ అవతల పల్లెలో మెట్ట వ్యవసాయం. ఆయన ఎద్దును ఎవరో తోలుకుపోయారు. తెల్ల ఎద్దు, ఎడమ చెవి కొస కాస్త చీలింది, కుడి తుంటి మీద ఎప్పుడో జబ్బు చేసినప్పుడు వేసిన వాత మచ్చ. ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఆయన ఎద్దు గుణగణాలు మొదలుపెట్టాడు. దాని నడక ఎట్లాంటిది, దానికి ఏ గడ్డి ఇష్టం, తన పెద్దకూతురు పెళ్ళికి బండి కట్టినప్పుడు అది ఎంత మర్యాదగా నడిచింది. మధ్యలో, అది ఎలపట ఎద్దని, ఈ చుట్టుపక్కల ఎలపట దానికి సాటి లేదని రెండుసార్లు చెప్పాడు.

నాకు ఓపిక అయిపోయింది. గుర్తుపట్టటానికి పనికొచ్చేవి మాత్రం రాయమని రైటరుకు చెప్పాను. రంగు, కొమ్ములు, చెవి, వాత. రైటరు కలం ఎత్తి, "ఎలపట అన్నది కూడా వద్దా సార్?" అని అడిగాడు.

"అక్కర్లేదు. మనిషి తప్పిపోతే వాడు ఏ పక్కకు తిరిగి పడుకుంటాడో రాస్తామా?" అన్నాను. నా చమత్కారానికి నేనే నవ్వుకున్నాను. రైటరు పొడుం పీల్చి తుమ్మాడు.

మీలో పట్నం పిల్లలు ఉంటారు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. కాడికి కుడిపక్కన కట్టే ఎద్దును ఎలపట అంటారు, ఎడమపక్కన కట్టేదాన్ని దాపట అంటారు. కోడెగా ఉన్నప్పుడు ఏ పక్క అలవాటు చేస్తే ఆ ఎద్దుకు జన్మంతా ఆ పక్కే. రైతుకు ఇది ఎద్దు రంగు కన్నా ముందు చెప్పవలసిన సంగతి. లా పేపరులో ఫస్టు వచ్చినవాడికి మాత్రం ఈ సంగతి తెలియదు.

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు మా కానిస్టేబులు కారంపూడి సంత నుంచి ఒక మనిషినీ ఒక తెల్ల ఎద్దునూ వెంటబెట్టుకుని వచ్చాడు. చెవి చీలిక సరిపోయింది. తుంటి మీద మచ్చ సరిపోయింది. ఆ మనిషికి ముప్పై అయిదేళ్ళుంటాయి. బొల్లాపల్లి వైపు ఒక పల్లెలో నాలుగెకరాల నాపరాళ్ళ మెట్ట, ఆదివారం తప్పకుండా ప్రార్థనకు వెళ్ళే క్రైస్తవ కుటుంబం. ఎద్దు తనదేనన్నాడు. ఉగాది తర్వాత, ఏరు దాటి వచ్చిన నైజాం మనిషి దగ్గర కొన్నానన్నాడు. రసీదు ఏదంటే, చూరులో పెట్టాను, చెదలు తిన్నాయి అన్నాడు.

నాకు ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. ఎద్దు పోయింది ఉగాదికి, వీడు కొన్నానంటున్నది ఉగాదికి. రసీదును చెదలు తిన్నాయట. చెదలు తినే రసీదులు ప్రతి దొంగ దగ్గరా ఉంటాయని ట్రైనింగులో మాకు పాఠం చెప్పిన పెద్దమనిషి అనేవాడు. ఇది నా మొదటి పట్టివేత. ఇంటికి ఉత్తరం ఎట్లా రాయాలో కూడా మనసులో తయారు చేసుకున్నాను.

పెద్దాయనకు కబురు పంపాను. ఆయన ఆత్రంగా వచ్చాడు. స్టేషను ఆవరణలో వేపచెట్టుకు ఎద్దును ఒంటరిగా కట్టించాను. నిజానికి వస్తువు గుర్తింపులో అలాంటివే మరికొన్ని కలిపి చూపాలి. రైటరు ఆ మాటే అన్నాడు, ఊళ్ళో నుంచి ఇంకో నాలుగు తెల్ల ఎద్దులు తెప్పించమంటారా అని. ఇదేమన్నా పశువుల సంతా అన్నాను. ఆయన తుమ్మాడు. నేను పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి, ఎద్దు దగ్గరకు తీసుకుపోయి, "చూడు పెద్దాయనా, ఇదేగా నీ ఎద్దు?" అన్నాను.

ఆయన ఎద్దు చుట్టూ ఒకసారి తిరిగాడు. చెవి పట్టుకు చూశాడు. మచ్చ మీద చెయ్యి పెట్టాడు. మళ్ళీ వెనక్కి వచ్చి చెవి చూశాడు. "ఇదేగా?" అని మళ్ళీ అడిగాను. "అట్టనే ఉందయ్యా" అన్నాడు. "గుర్తుపట్టాడు అని రాయండి" అన్నాను నేను రైటరుతో.

ఇక పట్టుబడిన మనిషి. ఎద్దును ఎలా దొంగిలించావో చెప్పమని అడిగాను. అతను మళ్ళీ అదే కథ చెప్పాడు. రెండోసారి అడిగాను, అదే కథ. మూడోసారి అతని చెంప మీద కొట్టాను. ఒక్కటే దెబ్బ. కోపం వచ్చి కాదు, నిజం చెబుతున్నాను. ఎస్సై అన్నవాడు ఈ సమయంలో కొట్టాలేమో అనిపించింది. చుట్టూ కానిస్టేబుళ్ళు చూస్తున్నారు. అతను చెంప మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. తనలో తాను ఏదో ఆలోచించుకుంటున్న మనిషిలాగా ఉన్నాడు. అది నేరస్థుడి ఆలోచన అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే గురజాల పంపాను. సబ్ మేజిస్ట్రేటుగారు రిమాండు ఇచ్చి సబ్ జైలుకు పంపారు. ఎద్దు నాదంటే నాదని ఇద్దరూ అంటున్నారు కాబట్టి, కేసు తేలేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వకుండా స్టేషన్లోనే ఉంచమన్నారు.

అట్లా మా స్టేషనుకు ఒక ఎద్దు వచ్చి చేరింది.

ఆ వారం రోజులూ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మొదటి రోజే అది వరండా చూరు గడ్డి అందినంతమేర తినేసింది. రెండో రోజు తీగ మీద ఆరేసిన ఎర్ర తలపాగాను సగం నమిలింది. ఆ తలపాగా తాలూకు కానిస్టేబులు వారం పాటు మిగిలిన సగంతో డ్యూటీ చేశాడు. మేత వేయటానికి వంతులు పెట్టుకున్నారు. రైటరు డ్యూటీ పట్టికలో ఒక గడి గీసి 'ఎద్దు' అని రాశాడు. పొద్దున్నే వరస కట్టే వేళకు అది వచ్చి చివర్న నిలబడేది. మా కానిస్టేబుళ్ళలో సగం మందికన్నా అదే నిటారుగా నిలబడేదని నేను బహిరంగంగానే అన్నాను. అందరితోనూ బాగానే ఉండేది. నేను దగ్గరకు వెళితే మాత్రం వెనక్కి తిరిగి నిలబడేది.

ఎనిమిదో రోజు వాన పడింది. ఆ ఏడాదికి అదే మొదటి మంచి వాన. మధ్యాహ్నం మొదలై పొద్దు గూకేదాకా కురిసింది. మర్నాడు తెల్లవారేసరికి ఊరు ఊరంతా చేలల్లో ఉంది. రైతు బిడ్డలైన ఇద్దరు కానిస్టేబుళ్ళు సెలవు చీటీలు పట్టుకుని నా గుమ్మం ముందు నిలబడ్డారు. ఎద్దు మాత్రం మేత ముట్టలేదు. పలుపు తెగేలా లాగుతూ చేల వైపే చూస్తోంది.

దీనికేమైందని అడిగితే రైటరు, "పదునొచ్చింది సార్. దానికి తెలిసిపోయింది" అన్నాడు. మెట్ట నేలలో వాన పడ్డాక నాలుగైదు రోజులే ఆ తడి విత్తనానికి పనికొస్తుందట. దాన్నే పదును అంటారు. ఆ రోజుల్లో విత్తితే విత్తినట్టు, లేకపోతే మళ్ళీ వాన కోసం ఆకాశం వైపు చూడటమే. ఒక్కోసారి ఆ వాన రాదు.

ఆ పొద్దున్నే ఆమె వచ్చింది. జైల్లో ఉన్న మనిషి భార్య. మోకాళ్ళ దాకా బురద. ఒక చేత్తో ఎర్రటి ఎద్దును పట్టుకుంది, భుజం మీద కాడి మోసుకొచ్చింది. పది మైళ్ళు నడిచి వచ్చిన మనిషి, కాడి దించి గోడకు చేరవేసి, నీళ్ళు కూడా అడగకుండా నా ఎదుట నిలబడింది.

"అయ్యా, మా ఆయన్ని ఇడిచిపెట్టమని అడగటానికి రాలా. అది కోర్టోళ్ళ పని. ఎద్దు సంగతి మాత్రం ఇయ్యాల తేలిపోవాల. మా తెల్లది దాపటది. ఇదుగో, దాని జత తెచ్చినా, కాడి తెచ్చినా. కట్టి చూడండి."

కడితే ఏం తెలుస్తుందని అడిగాను. ఆమె నా వైపు చూసి, ఈ మనిషి నిజంగానే అడుగుతున్నాడా అన్నట్టు రైటరు వైపు చూసింది. రైటరు గొంతు సవరించుకుని, ఎలపట, దాపట అంటే ఏమిటో అప్పుడు నాకు చెప్పాడు. ఎలపట మరిగిన ఎద్దును దాపట కడితే నడవదని, నెల రోజులు కొట్టి నేర్పినా నడక చెడుతుందే తప్ప పక్క మారదని చెప్పాడు. తుంటి మీద వాతలూ చీలిన చెవులూ ఈ పక్క చాలా ఎద్దులకు ఉండేవేనని కూడా అన్నాడు. పోయిన ఎద్దు ఎలపటదని పెద్దాయన రెండుసార్లు అన్న మాట అప్పుడు నాకు గుర్తుకొచ్చింది. ఈ ముక్క నాకు ముందే ఎందుకు చెప్పలేదని రైటరు మీద కేకలు వేశాను.

"నేను రాయబోతే మీరు వద్దన్నారు సార్" అన్నాడాయన మెల్లగా. ఈసారి తుమ్మలేదు.

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పాలి. నేను వెంటనే సరేననలేదు. ఎలపట అన్న మాట ముగ్గురమే విన్నాం, పెద్దాయన, రైటరు, నేను. కాగితం మీద అది లేదు. కాడి కట్టి చూస్తే నా కేసు నా చేతులతోనే కూలిపోవచ్చు. ప్రొబేషను ఇంకా పూర్తి కాలేదు. కట్టకుండా ఆమెను పంపేస్తే నన్ను అడిగేవాడు లేడు. 'కోర్టులో చెప్పుకో పో' అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. ఎంతోమంది పోలీసుల ప్రాణం హాయిగా గడిచిపోవటానికి సాయపడిన మాట అది. ఆమె నా ముఖం చూసి అదంతా గ్రహించిందేమో, వెళ్ళి ఎద్దు పక్కన కూర్చుంది.

అప్పుడు రైటరు తన నియమం తప్పాడు. నేను అడగకుండానే, "పదును ఇంకో మూడు రోజులు ఉంటది సార్" అన్నాడు. అంతే అన్నాడు. నాకు సిగ్గేసింది. నా సైకిలిచ్చి కానిస్టేబులును పెద్దాయన దగ్గరకు పంపాను.

ఆయన మధ్యాహ్నానికి వచ్చాడు. నడకలో హుషారుంది. కోర్టువాళ్ళు ఎద్దును ఇచ్చేస్తున్నారని అనుకున్నాడు. ఆయన చేను కూడా విత్తకుండా పడి ఉంది మరి. ఆయన దగ్గర మిగిలింది ఒంటి ఎద్దు, దాపటది. పలుపు కూడా కొత్తది పేనుకుని చంకన పెట్టుకుని వచ్చాడు. ఆ పలుపు చూసేసరికి నాకు ఇంకో సంగతి తట్టింది. నేను ఒక మనిషిని జైలుకు పంపటమే కాదు, ఇంకొకాయనకు ఉత్త ఆశ కూడా పెట్టానేమో.

స్టేషను వెనక చేను రైతు నాగలి ఇచ్చాడు. ఆమె తన ఎర్ర ఎద్దును కుడిపక్క కట్టింది. తెల్ల ఎద్దును విప్పి తెచ్చేసరికి, అది ఎవరూ తోలకుండానే ఎడమపక్కకు వెళ్ళి, మెడ వంచి కాడి కింద పెట్టింది. ఆమె నాగలి మేడి పట్టి అదిలించింది. రెండూ చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు గీత గీసినట్టు నడిచాయి. కానిస్టేబుళ్ళు సంబరపడ్డారు.

ఇప్పుడు మార్చి కట్టమన్నాను. ఎర్రదాని బదులు ఆ చేను రైతు దాపట ఎద్దును ఎడమపక్క కట్టి, తెల్లదాన్ని కుడిపక్కకు తెచ్చారు. అది ముందు కదలలేదు. చర్నాకోల చూపిస్తే నాలుగడుగులు వేసి, కాడిని మెలివేసుకుని అడ్డం తిరిగింది. మళ్ళీ సరిచేసి తోలారు. మళ్ళీ అడ్డం తిరిగింది. మూడోసారి నాగటి సాలులో చతికిలబడింది. అందరం పెద్దాయన వైపు చూశాం.

ఆయన చంకలో పలుపు పట్టుకుని నన్ను అడిగాడు. "అయ్యా, నేను ఎలపట అన్న మాట ఆ కాగితంలో ఉందా?"

ఆయనకు చదువు రాదు. లేదని తెలిస్తే ఏమైనా అనవచ్చు. నా ఎద్దూ దాపటదే అనవచ్చు. కాదని రుజువు చేసే కాగితం ఎక్కడా లేదు, లేకుండా చేసింది నేనే. రైటరు నేల చూపులు చూస్తున్నాడు. అబద్ధం చెప్పి ఉందని అంటే ఆయన నోరు కట్టేయవచ్చు. అప్పటికే ఆ మనిషిని ఒకసారి నా మాటతో కట్టేశాను.

"లేదు పెద్దాయనా. నేనే రాయనివ్వలేదు" అన్నాను.

ఆయన చేలోకి దిగి, చతికిలబడ్డ ఎద్దు దగ్గరకు పోయి, దాని మూపురం మీద చెయ్యి వేశాడు. చాలాసేపు నిమిరాడు. ఆయన చేతిలోని కొత్త పలుపు దాని వీపు మీద వేలాడుతోంది. ఒక్క మాట అంటే ఆ ఎద్దు ఆయనదయ్యేది. సాయంత్రానికి ఆయన చేలో ఉండేది. పది మైళ్ళు నడిచి వచ్చిన ఆడమనిషి ఎదురుగా నిలబడి ఉంది.

"నాది ఎలపటదయ్యా. ఆరేండ్లు దాని తోక పట్టుకుని నడిచినోణ్ణి. ఇది నాది కాదు."

నేను ఊరుకోలేక, మరి ఆ రోజు నాదేనన్నావుగా అని అడిగాను. ఆయన నా ముఖంలోకి చూశాడు.

"నేననలా. అట్టనే ఉంది అన్నా. ఇదేగా, ఇదేగా అని నువ్వే అంటివి. చదువుకున్నోడివి, టోపీ పెట్టుకున్నోడివి. నువ్వంత గట్టిగా అంటంటే నా కళ్ళే తప్పేమో అనుకున్నా. మడిసికి ఆశ కూడా ఉంటది గదా."

ఆమె ముందు ఎద్దు మెడ మీద నుంచి కాడి తీసింది. తర్వాత పెద్దాయనతో అంది, "మా చేను అయినాక మా ఎలపటదాన్ని తోలుకుపో, పెద్దయ్యా. నీ దాపటదానికి జత కట్టి నీ చేనూ ఇత్తుకుందువు. మేత మాత్రం నీదే." ఆయన తల ఊపి, చంకలోని పలుపు చుట్ట చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన అసలు ఎద్దు ఎప్పటికీ దొరకలేదు. ఆ కేసు నా రికార్డులో పత్తా లేనిదిగానే మిగిలిపోయింది.

ఆ సాయంత్రమే కూర్చుని రిపోర్టు రాశాను. ఎలపట అన్న మాట నేను రాయనివ్వలేదని, ఎద్దును ఒంటరిగా కట్టించి చూపానని, సాక్షి చెప్పకముందే జవాబు నేనే చెప్పానని వివరంగా రాశాను. మర్నాడు దాన్ని తీసుకుని గురజాల వెళ్ళాను. సబ్ మేజిస్ట్రేటుగారు కళ్ళద్దాల మీదుగా నన్ను చూసి, ఈ కేసులో అబద్ధం చెప్పనిది ఎద్దూ, దాని తర్వాత ఆలస్యంగా మీరూ అన్నారు. అప్పటికప్పుడు విడుదల ఉత్తర్వు ఇచ్చారు. ఎద్దును కూడా అప్పగించమన్నారు. నెల తిరక్కుండా, గుర్తింపులో నిర్లక్ష్యం అన్న పేరుతో బ్లాక్ మార్కు వచ్చింది. సర్కిల్ ఇన్‌స్పెక్టరుగారు దాన్ని నా చేతికిచ్చి, ఇంత వివరంగా ఎవడు రాయమన్నాడయ్యా నిన్ను అని విసుక్కున్నారు. వివరంగా రాశానని ఆయన అనుకున్నారు గానీ, ఒక వివరం నేనూ రాయలేదు. చెంపదెబ్బ సంగతి ఆ రిపోర్టులో లేదు.

అది నన్ను నిలవనివ్వలేదు. అతను విడుదలైన మర్నాడు, పదును ఇంకొక్క రోజే ఉందనగా, సైకిలెక్కి వాళ్ళ పల్లెకు బయలుదేరాను. దారిలో రెండుసార్లు టైరు దిగిపోయింది. చివరి రెండు మైళ్ళూ సైకిలే నా మీద సవారీ చేసింది. దారి పొడవునా ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాను. చట్టం, పొరపాటు, పశ్చాత్తాపం, మంచి మంచి మాటలన్నీ అందులో ఉన్నాయి.

నేను వెళ్ళేసరికి వాళ్ళు చేలో గొర్రుతో విత్తుతున్నారు. అతను ఎడ్లను తోలుతున్నాడు, ఆమె వెనక నడుస్తూ గొర్రులోకి గుప్పెట్లో నుంచి జొన్నలు వదులుతోంది. ఎర్రది కుడిపక్క, తెల్లది ఎడమపక్క. ఇంకా సగం చేను మిగిలే ఉంది, ఎండ అప్పటికే చురచురలాడుతోంది. నేను బూట్లతోనే చేలోకి దిగి, అతనికి ఎదురెళ్ళి నిలబడ్డాను. అతను ఎడ్లను ఆపాడు. ఉపన్యాసం అంతా ఎక్కడికి పోయిందో పోయింది.

"ఆ రోజు నీ మీద చెయ్యి చేసుకున్నాను. తప్పు చేశాను" అన్నాను.

అతను భుజం మీది తుండుతో మొహం తుడుచుకున్నాడు.

"దెబ్బదేముందయ్యా. మా నాయన అంతకన్నా గట్టిగా కొట్టేవోడు. కాకపోతే, ఆ దెబ్బ తిన్నాక నాకూ అనుమానమొచ్చింది. ఇంత గట్టిగా అంటన్నారే, నాకు అమ్మినోడు దొంగేమో, నేను కొన్నది దొంగసొత్తేమో, నేనూ దొంగనేనేమో అని. నాలుగోసారి మీరు అడిగుంటే ఒప్పుకునేవోణ్ణి. మీరు అడగలా."

ఆ రోజు నేను నాలుగోసారి అడగకపోవటానికి కారణం దయ కాదు, అనుమానమూ కాదు. నా భోజనం వేళయింది, అంతే. ఒక మనిషి తన నోటితో తానే దొంగనని చెప్పకుండా మిగిలిపోవటం నా ఆకలి మీద ఆధారపడింది. అతని ముందు నిలబడి నేను అదే ఆలోచిస్తున్నాను. వెనక ఆమె గుప్పెట్లో విత్తనం పట్టుకుని ఎదురుచూస్తోంది.

"పక్కకు జరగండయ్యా" అన్నాడతను, కోపం లేకుండానే. "సాలు పడేచోట నిలబడ్డారు. పదును పోతంది."

జరిగాను. అతను ఎడ్లను అదిలించాడు.